తెరపైని పొయ్యి – కొండపైని పొయ్యి

(ముంచింగిపుట్టులో చదువరుల సభయందు మేము చేసిన ప్రసంగపాఠము)



మీ సభలో నాలుగు మాటలు చెప్పుడని మిత్రులు కోరినపుడు, ఏ విషయమును గూర్చి చెప్పవలెనని మేమడిగితిమి. మీ యిష్టమే యనిరి. మేము వంటను గూర్చి మాటాడ నిశ్చయించుకొంటిమి. నలుగురు పెద్దలు కూడినచోట దేశమును గూర్చియు ధర్మమును గూర్చియు ప్రసంగించుట మర్యాదగాని, వంటను గూర్చి ప్రసంగమేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు. వంటను చూచి మనుష్యుడు నవ్వెడి నవ్వును గూర్చియే మేమీ సాయంకాలము మాటాడదలచితిమి.

పూర్వకాలపు కథలను తెరకెక్కించు చిత్రములయం దొక విచిత్రము కలదు. యుద్ధఘట్టములో కత్తి యే కాలపుదో, కవచ మే రాజ్యపుదో ప్రేక్షకులలో నూటి కొక్కడైన నెరుగడు. రథమునకు చక్ర మెట్లున్నను ఊరకుందుము. కాని తెరపై పొయ్యి వెలిగినదా, ప్రతి ప్రేక్షకుడును విమర్శకుడగును. ఏలయన, యుద్ధము చూడనివారు లక్షలు కలరు గాని పొయ్యి చూడనివాడు లేడు. ఆ కూరగాయ ఆ కాలమున నుండెనా? ఆ గిన్నె ఆ కాలపుదేనా? అంత పెద్ద కుండ క్రింద అంత చిన్న మంటయా? ఇట్లు ప్రశ్నలు పుట్టును. ఈ ప్రశ్నలను మేము తక్కువ చేయము. సామాన్యుడు చరిత్రపండితుడగుట కిది యొక దగ్గరి దారి.

ఒక యుదాహరణము చూడుడు. క్రీస్తుశకము 13వ శతాబ్దపు కాకతీయుల వంటశాలను చూపుచు, చేటనిండ ఎఱ్ఱని మిరపకాయలను పోసిరనుకొనుడు. అది తప్పు. మిరప అమెరికా ఖండపు మొక్క. కొలంబస్ ఆ ఖండపు దీవులను చేరినది 1492లో. వాస్కోడగామా కోళిక్కోడు తీరమున దిగినది 1498లో. పోర్చుగీసువారి రాకకు పిమ్మటనే మిరప మన దేశమునకు వచ్చినది. దాని పేరే దాని కథ చెప్పుచున్నది: మన మెరిగిన కారము మిరియము గనుక, క్రొత్తగా వచ్చిన కారపుకాయకు మిరియమును బట్టియే మిరప యని పేరు పెట్టుకొంటిమి. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువు ననుసరించి పెట్టిన భోజనముల వర్ణన కలదు. అందు మిరియపు పొడి కలదు గాని మిరపకాయ లేదు. బంగాళాదుంప, వేరుసెనగ, మొక్కజొన్న, జీడిమామిడి, టమాటా – ఇవి యన్నియు సముద్రము దాటి వచ్చినవే. టమాటాను మన పెద్దలు రామములగ యనిరి. రాముని పేరు పెట్టుకొన్నంత మాత్రమున నది రాముని కాలము నాటిది కాదు!

కనుక మిరపకాయను చూచి ఆక్షేపించు ప్రేక్షకునిది న్యాయమైన యాక్షేపణయే. కాని ఆ న్యాయము నంతటితో నిలుపరాదు. తప్పులలో రెండు జాతులు కలవు. ఆ భేదమును చెప్పుటకే మేము మాయాబజారు చిత్రమును తలచుకొనుచున్నాము.

1957 మార్చి 27వ తేదీన విడుదలయైన ఆ చిత్రమును చూడని తెలుగువాడు ఈ సభలో నుండడని తలంతుము. దర్శకుడు కె. వి. రెడ్డి, నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి, రచన పింగళి నాగేంద్రరావుది, ఛాయాగ్రహణము మార్కస్ బార్ట్లేది. అందు పెండ్లివారికై సిద్ధపరచిన వంటకముల నడుమ ఘటోత్కచుడు కూర్చుండి యారగించు ఘట్ట మున్నది. ఎస్. వి. రంగారావు కదలక కూర్చుండగా, లడ్డూలు తమంత తామే యెగిరి ఆయన నోట ప్రవేశించును. మాధవపెద్ది సత్యము కంఠము ఆ పాటకు ప్రాణము. ఆ ఘట్టమునకు నవ్వని పిల్లవాడు లేడు. అరువది యేండ్లు దాటినను తెలుగువారి పెండ్లి పంక్తులలో ఆ ఘట్టము తలపునకు రాని పంక్తి యరుదు.

ఆ చిత్రముననే హస్తినాపురపు కౌరవుల విడిదిలో గోంగూర ప్రస్తావన వచ్చును. దుర్యోధనుని విందులో గోంగూర యుండెనని యే పురాణము చెప్పినది? చరిత్రజ్ఞుని త్రాసులో నిది మిరపకాయకంటె పెద్ద తప్పు. అయినను ఆక్షేపించిన ప్రేక్షకుని మేమెరుగము. సభ యంతయు చప్పట్లు చరచినది. ఏల? ఆ తప్పు ప్రేమవలన పుట్టినది. ఆంధ్రుడు తన పెరటి ఆకును తీసికొనిపోయి కురురాజు విస్తరిలో వడ్డించి, ఇది మాది యని మురిసికొనెను. అది యెవరిని చిన్నబుచ్చలేదు. ప్రేమవలన పుట్టిన పొరపాటును లోకము నవ్వుచు క్షమించును. రెండవ జాతి తప్పు అట్టిది కాదు. దానిని గూర్చి చెప్పుటకు ముందు మేము చూచిన యొక సంగతి చెప్పెదము.

గత వానకాలమున మేము ఈ మన్యమునందలి యొక పల్లెలో రాత్రి గడపవలసి వచ్చినది. బయట వాన. అరుగుమీద చిన్న టెలివిజను. ఇంటివారు, పొరుగువారు, పిల్లలు కలిసి పదునైదుగురము. ఆ రాత్రి మాయాబజారు వేయుచుండిరి. ఘటోత్కచుని భోజనఘట్టము రాగానే పిల్లలు పొట్టలు పట్టుకొని నవ్విరి. మూల కూర్చున్న యొక అవ్వ తమ ఒడియా పలుకుబడిలో నేదో యనెను. అందరు మరల నవ్విరి. మాకు తెలియక అడుగగా మనుమడు తెలిగించి చెప్పెను: వీడు ఒక్కడే తినుచున్నాడేమి, ప్రక్కవారికొక ముద్దయిన పెట్టడేమి యని అవ్వ అడుగుచున్నదట!

ఆ ప్రశ్నను మేము నేటికిని మరువలేదు. పట్టణములో ఆ ఘట్టమును చూచినవారు, ఆ లడ్డూ ఎట్లు ఎగిరినది, కెమెరా చమత్కారమేమి యని యడుగుదురు. కొండమీది అవ్వకు ఆ చమత్కారముతో పనిలేదు. ఆమె యడిగినది ధర్మమును. అయినను ఆ నవ్వులో నొప్పి లేదు. ఘటోత్కచుడు హిడింబ కుమారుడు, అడవిపుట్టువు. కాని ఆ చిత్రమున నాతడు రాజు, మాటగలవాడు, తల్లి ఆన దాటనివాడు, ఆపదలోనున్నవారికి అండయైనవాడు. ఆయన తిండిని చూచి లోకము నవ్వినది గాని ఆయనను చూచి నవ్వలేదు. ఆ అరుగుమీది వారికి ఆయన చుట్టమువలెనే తోచెను.

మరునాటి రాత్రి అదే అరుగుమీద మరియొక చిత్రము. పేరు చెప్పము, ఒక్క చిత్రముతో తీరు దోషము కాదు గనుక. అందును కొండవారి వంట కలదు. నడుమ పెద్ద మంట. మంటపైని గుంజకు కట్టిన మొత్తపు జంతువు. చుట్టును ముఖములకు మసి పూసికొన్న జనము. ఇరుచేతులతో మాంసమును చీల్చుచు అర్థములేని కేకలు వేయుచుందురు. అంతలో మైదానపు కథానాయకుడు వచ్చి ముక్కు మూసికొనును. ఇది హాస్యమట!

ఆ అరుగుమీద ఎవరును నవ్వలేదు. అవ్వ మనుమడు లేచి లోనికి పోయెను. మరునాడు దారిలో మాతో చెప్పెను: మైదానపు పట్టణములోని వసతిగృహమున చదువుకొనునపుడు తోడివారు ఆ ఘట్టమును చూచివచ్చి, ఆ కేకలతోనే తన్ను పిలిచెడివారట. నాటినుండి ఇంటి చోడిపిండిని అక్కడికి తీసికొనిపోవుట మానివేసితినని చెప్పెను. అంతకు మించి యేమియు ననలేదు.

మహాశయులారా! ఇదియే రెండవ జాతి తప్పు. ఇది హేళనవలన పుట్టినది. మిరపకాయ తప్పు చరిత్రపుస్తకమునకు మాత్రమే గాయము చేయును. ఈ తప్పు పదునాలుగేండ్ల బాలుని కంచమువరకు వచ్చి, అందలి అంబలిని వెలివేసినది. మిరపకాయను పట్టుకొని ఆక్షేపించు ప్రేక్షకుడు దీనిని చూచి యేల యూరకుండెను? ఆ పొయ్యిని తా నెన్నడును చూడలేదు గనుక. ఆ పొయ్యిని గూర్చి మీకు చెప్పుట హనుమంతుని ముందు కుప్పిగంతులే యగును. కాని ఈ మాటలు పత్రికలో పడి పట్టణములకు పోవును గనుక, మీ యనుమతితో నాలుగు మాటలు చెప్పెదము.

ఈ కొండలలో వంట తొందరపని కాదు. మీరు మండియా యనునట్టి చోడి అంబలినే చూడుడు. పిండిని ముందునాడే నానవేసి పులియనిచ్చి, కాగిన నీటిలో నూకలతో కలిపి ఉడికింతురు. ఆనపబుర్రలో పోసికొని పోడునకు పోయిన మనిషికి ఎండలో నది అన్నము, నీరు, చలువ మూడును. అడవిలోని చేదుదుంపను చూడుడు. దానిని అట్లే తిన్నచో ప్రమాదము. పలుచగా తరిగి, ఉడికించి, పారుచున్న నీటిలో ఉంచి, చేదు విరిగిన పిమ్మట తిందురు. మామిడి జీడిని దాచి, ఎండబెట్టి, పొడిచేసి, నీటిలో వగరు విరిచి, కరవు దినములలో అంబలి కాచుదురు. పాఠశాల లేని కాలమున ఈ పాకశాస్త్రము నేర్చినవా రెవరు? తల్లులు, అవ్వలు. ఎన్ని తరముల పరీక్ష దీని వెనుక నుండెనో యోచింపుడు!

ఇక నేడు యాత్రికులు వెదకికొని వచ్చి తినుచున్న బొంగుకోడి సంగతి. పచ్చి వెదురుబొంగులో మసాలా పట్టించిన మాంసమును కూరి, మూతిని ఆకులతో బిగించి, నిప్పులపై త్రిప్పుచు కాల్తురు. చుక్క నూనె లేదు, చుక్క నీరు పోయరు. పచ్చి వెదురులోని తేమయే ఆవిరియై లోపలిదానిని ఉడికించును. మంట హెచ్చినచో బొంగు చీలును, తగ్గినచో లోపల పచ్చిగా నుండును. ఇంతటి నేర్పు గలవారిని, జంతువును మంటపై పడవైచి చీల్చుకొని తినువారుగా చూపుట కంటికి గంతలు కట్టుకొనుట కాదా?

వారు ఆబగా తిందురని కదా తెరపై చూపుట! ఈ మన్యమున క్రొత్తపంట చేతికి రాగానే నోట పెట్టుకొను నాచారము లేదు. సామలకు, కొఱ్ఱలకు, చిక్కుళ్లకు, మామిడికి కొత్త పండుగలు కలవు. దేవతకు పెట్టి, పెద్దలను తలచుకొని, ఊరంతయు కూడిన పిమ్మటనే క్రొత్తది తినవలెను. చెట్టున పండుచున్నను ఆ దినమువరకు ఆగువానిని ఆబగొండి యనువాడు తన పట్టణపు విందులను ఒకసారి చూచుకొనుట మంచిది.

ఇంకొక వింత కలదు. పూర్వకాలపు వంటశాలను యథార్థముగా చూపదలచిన దర్శకు డెక్కడికి పోవలెను? మేము చెప్పెదము: ఈ కొండలకే రావలెను. మిరప రాకమునుపు మన పూర్వులు కారమునకు వాడిన వానిలో మిరియముతోపాటు పిప్పలి యొకటి. ఆ పిప్పలి విశాఖ మన్యములో నేటికిని పండుచున్నది. పసుపు, అల్లము ఇక్కడివే. సామలు భారతదేశముననే మనుష్యుడు మచ్చిక చేసికొన్న ధాన్యము. అడ్డాకు విస్తరి ఇక్కడ నేటికిని కుట్టుచున్నారు. దేనిని నాగరకత లేనిదని తెరపై నవ్వించుచున్నారో, ఆ వంటయింటనే వారు వెదకుచున్న చరిత్ర దాగియున్నది.

అయితే మన్యపు వంటయిల్లు గాజుపెట్టెలోని బొమ్మ యని మేమనుట లేదు. కాలము ఇక్కడికిని వచ్చినది. మిరప, టమాటా, అమెరికా పుట్టుక గల రాజ్మా ఇక్కడి పొలములలో నున్నవి. ఆఫ్రికా కొండలలో పుట్టిన వలిసెపువ్వు ఈ లోయలను పసుపుపచ్చ చేయుచున్నది. ఆ ఖండమునుండియే వచ్చిన కాఫీ అరకు పేరుతో లోకమును చుట్టి, 2019లో భౌగోళిక గుర్తింపును పొందినది. మనము మాదియని మురిసిపోవు చోడియు ఏ ప్రాచీనకాలముననో ఆఫ్రికానుండి వచ్చినదే. చౌకదుకాణపు బియ్యము వచ్చిన పిమ్మట కంచములో చోడిసామలకు చోటు తగ్గినది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. పట్టణపు వైద్యులు చోడి తినుడని చెప్పుచున్నారు. వసతిగృహములో ఆ బాలుడు సిగ్గుపడి వదలిన పిండినే నేడు నగరములలో రంగుల సంచులలో నింపి హెచ్చు వెలకు అమ్ముచున్నారు!

ఇంతవరకు చెప్పినది అభిమానపు మాటయని మీకు తోచవచ్చును. కాని దీని వెనుక చరిత్ర కలదు. మన్యపు పితూరీలను తెరపై చూపువారు తుపాకులను చూపుదురు, గుఱ్ఱములను చూపుదురు, పొయ్యిని నవ్వులాటకు వదలివేయుదురు. ఆ పితూరీలు పుట్టినదే పొయ్యికడ. 1879 నాటి రంప పితూరీకి కారణములలో ముఖ్యమైనది కల్లుపై విధించిన పన్ను, కట్టుదిట్టములు. 1882 నాటి మదరాసు అడవి చట్టము పోడునకు అడ్డుపడినది. అనగా సామలు, చోళ్లు పండు నేలకు అడ్డుపడినది. అడవిలో దుంపకు, ఆకునకు, కట్టెకు పోయినవాడు నేరస్థుడయ్యెను. దానిపై రోడ్డుపనుల వెట్టి, చాలని కూలి. ఈ యాకలిమీదనే అల్లూరి సీతారామరాజు నిలిచెను. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై పడుటతో మొదలైన ఆ పితూరీ, 1924 మే 7న ఆయన కొయ్యూరు ప్రాంతమున బలియగువరకు నడచినది. ఆ రెండేండ్లు అడవిలోని ఆ దళమునకు అన్నము పెట్టినదెవరు? ఈ పొయ్యిలే! ఆ పొయ్యిని వెక్కిరించి ఆ వీరునికి విగ్రహము కట్టుట యెట్టి భక్తి?

2022 మార్చి 25న ఆ వీరుని పేరు గల పాత్రతో ఒక చిత్రము లోకమంతట విడుదలయైనది. పదిదినములకు, ఏప్రిల్ 4న, ఆయన పేరున ఈ జిల్లా యేర్పడినది. పేరు పెట్టుకొంటిమి, సంతోషము. పేరుతోపాటు ఆయనకు అన్నము పెట్టినవారి మర్యాదను గూడ నిలుపుకొనవలెను.

మరియొక మాట. మీ ప్రక్కనే మాచ్‌ఖండ్ ప్రవహించుచున్నది. 1955లో అక్కడి జలవిద్యుత్తు వెలుగునకు వచ్చినది. ఆ జలాశయమునకై పొలములను, ఇండ్లను వదలిన కొండకుటుంబము లెన్నియో. ఆ విద్యుత్తు విశాఖపట్టణమునకు పోయినది. 1957లో తీరపు పట్టణములలో మాయాబజారు ఆడినపుడు, ఆ తెరపై పడిన వెలుగులో కొంత ఈ కొండనీటిది. వెలుగు మీరిచ్చితిరి. ఆ వెలుగులో మీ ముఖము వికారముగా కనబడుట న్యాయమా?

దీనికి కొందరు చెప్పు సమాధానము మేమెరుగుదుము. ఇది వినోదమే గదా, ఇంత పట్టింపేల యందురు. పరుల తిండిని పరిహసించుట క్రొత్తది కాదు, శ్రీనాథునంతటివాడే పలనాటి జొన్నకూటిని వెక్కిరించెనని చాటువులు చెప్పుచున్నవి గదా యందురు. ఔను. కాని చాటువులలోని శ్రీనాథుడు ఆ కూడు తినలేక తన యవస్థను తాను చెప్పుకొని నవ్వించినాడు. పలనాటివాడు బదులు చెప్పుటకు భాష కలవాడు, సభ కలవాడు. ఇచ్చట వెక్కిరింపబడినవానికి తెరలేదు, పత్రికలేదు. బదులు చెప్పలేనివానిని చూచి నవ్వుట వినోదము కాదు. నవ్వును మేము నిషేధింపుమనుట లేదు. మాయాబజారు నవ్వు వంటి నవ్వు నిండుడని కోరుచున్నాము. అడవిబిడ్డ తిండిని చూపి, ఆ యడవిబిడ్డలచేతనే నవ్వింపగల నేర్పు మన తెలుగు తెరకు 1957లోనే యుండెను. అది నేడు లేదని మేము నమ్మము.

ఇక సెలవు తీసికొనుటకు ముందు మూడు విన్నపములు.

చిత్రములు తీయువారికి: మీరు కత్తిసాము నేర్పుటకు గురువును తెచ్చుకొందురు, గుఱ్ఱపుస్వారికి గురువును తెచ్చుకొందురు. కొండపొయ్యి వెలిగించుటకు ముందు ఒక కొండతల్లిని పిలిచి, పీట వేసి, కూలి యిచ్చి, అడిగి నేర్చుకొనుడు. ఆమె పేరును మీ పేర్లతోపాటు తెరపై వేయుడు.

పట్టణముల పఠనమందిరములలో ఈ పాఠమును చదువు మహాశయులకు: మిరపకాయను చూచి మీరు పెట్టు కేక మంచిదే. ఆ కేకను ఇచ్చటను పెట్టుడు. తోడివాడు నవ్వునపుడు నవ్వక యూరకుండుటయు నొక యాక్షేపణయే. మీ పిల్లల ప్రక్కన మన్యపు పిల్లవాడు భోజనమునకు కూర్చున్నపుడు అతని అంబలిని అడిగి రుచిచూడుమని మీ పిల్లలకు చెప్పుడు. చట్టములు చేయలేని పనిని ఆ గ్రుక్కెడు అంబలి చేయగలదు.

మీకు, ఈ కొండల యువకులకు: అవ్వలు ఇంకను ఉన్నారు. చేదుదుంప కే కాలువ నీరు, ఎన్ని జాములు. జీడిపిండికి ఎన్ని కడుగులు. బొంగు కే వెదురు, ఏ వయస్సుది – అడిగి వ్రాసికొనుడు. మీ పలుకుబడిలోనే వ్రాయుడు. మీ చేతిలోని యంత్రములతో బొమ్మలు తీయుడు. మీ పొయ్యిని మీరు చూపనిచో మరియొకడు చూపును. అతడు చూపిన దెట్లుండెనో మీ రెరుగుదురు.

ఆ అరుగుమీది అవ్వ, ప్రక్కవాని కొక ముద్ద పెట్టడేమి యని అడిగెనని చెప్పితిమి గదా. మైదానపు కళకును ఆమె ప్రశ్న అదే యని మేము గ్రహించితిమి. ఇంత పెద్ద విందు పరచుకొని కూర్చున్న తెలుగు తెర, కొండమీది చుట్టమునకు గౌరవముతో నొక విస్తరి వేయవలదా? వేయునను నమ్మకముతో మేము సెలవు తీసికొనుచున్నాము.